ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు

కోడుమూరు సీమను దాటి వచ్చిన హంద్రి తుంగభద్రతో కలియుచోట కర్నూలు పట్టణమున్నది. అచట 1887 అక్టోబరు 14వ తేదీన ఒక తమిళ కుటుంబమున కవలలు జన్మించిరి. రామలక్ష్మణుల పేర్లే పెట్టిరి. రామస్వామిగారు రాజనీతిలో పేరొందిరి. లక్ష్మణస్వామిగారు ప్రసూతి వైద్యమును వరించిరి. పురుషుడు ఆ విద్యను చేపట్టుట మన యిండ్లలో అంతగా మెచ్చని కాలమది!

1903లో సోదరులు మద్రాసు చేరిరి. వైద్యులైన పిమ్మట లక్ష్మణస్వామిగారు ఎగ్మూరు స్త్రీల ఆసుపత్రిలో పనిచేసిరి. కాన్పు గదులలో నాడు మిక్కిలి భయపెట్టినది గర్భిణుల మూర్ఛ, మనవారు గుర్రపువాతమందురు. ఐదవ నెల దాటిన పిమ్మట రక్తపుపోటు హెచ్చును. మూత్రమున ఆల్బుమిన్ చేరును. కాచి చూచిన తెల్లగా విరుగును. ముఖము, చేతులు ఉబ్బును, తల విడువక నొచ్చును, చూపు మసకబారును. అప్పటికిని ఉపేక్షించినచో మూర్ఛలు వచ్చి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. పల్లెలలో గాలి సోకినదని కాలము గడపి, చివరకు బండి కట్టుచుండిరి. వైద్యులు సైతము దీనిని గర్భవిషమనిరి. అట్టి విషమేదియు దొరకలేదు గాని పేరు మాత్రము చాలకాలము నిలిచినది.

1938లో వెలువడిన వారి ‘క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్’ వైద్యవిద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది. తరువాతి ముద్రణలలో డాక్టరు కృష్ణమీనన్ చేయి కలిపిరి. మందులు కలిపి రోగిని నిద్రపుచ్చు పద్ధతిని మీనన్‌గారు అవలంబించి, నాలుగువందల పైచిలుకు రోగుల వృత్తాంతమును 1961లో ప్రకటించిరి. మరణములు నూటికి రెండుకు కొంచెము మించినవి. ఆ పద్ధతికి కాలము చెల్లినది. పెక్కుదేశముల ఆసుపత్రులు కలసి జరిపిన పరిశోధనలో మెగ్నీషియం సల్ఫేటు మేలని 1995లో తేలినది. చికిత్స మారినది, ముందుగా పోటు చూచి వ్యాధిని పట్టుట మారలేదు.

అయితే పల్లెలో ఆ పోటు చూచువారెవరు? 1959లో కేంద్రప్రభుత్వము నియమించిన ఆరోగ్యసంఘమునకు మొదలియారుగారు అధ్యక్షులైరి. ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము 40,000 మందికి మించి భారము మోయరాదని ఆ సంఘము సిఫారసు చేసినది. వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు 27 ఏండ్లు వైస్‌ఛాన్సలరు. 1961లో ప్రపంచ ఆరోగ్యసభకు అధ్యక్షులు. ఆ పదవులన్నింటికన్న ఈ చిన్న సిఫారసే మాకు పెద్దదిగా తోచుచున్నది.

1974 ఏప్రిల్ 15వ తేదీన వారు కన్నుమూసిరి. నేడు గర్భిణి పోటు 140/90కి చేరినచో వైద్యులు విడువక కనిపెట్టుదురు. ఈ వ్యాధి వచ్చు సూచనలు హెచ్చుగా నున్నవారికి మూడవ నెల దాటినంతనే కొద్దిమోతాదు ఆస్పిరిన్ ఇత్తురు.