తేలికదనము - దాని వెల
కాలిన్ చాప్‌మన్ జీవితము

తాడేపల్లిగూడెము చెంత రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములకై వేసిన రన్‌వే నేటికిని కలదు. యుద్ధము ముగిసిన పిదప ఇట్టి బాటలు దేశదేశములయందు పనిలేక పడియుండెను. వానిలో కొన్నింటికి చిత్రమైన పునర్జన్మ లభించెను. మద్రాసు సమీపమున షోలవరము రన్‌వేమీద 1950వ దశకమునుండి కారు పందెములు సాగెను. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ విమానక్షేత్రము 1948లో పందెపు బాటగా మారెను. విమానములు విడిచిపోయిన అట్టి బాటలమీదనే ఒక యువకుడు కారునకు నడక నేర్పెను. ఆయనయే కాలిన్ చాప్‌మన్. ఇంజనుబలముచేత గాక, చక్రము నేలను అంటి యుండు నేర్పుచేతనే కారు గెలుచునని ఆయన నమ్మెను. ఆ నమ్మకము ఆయనకు లోకప్రసిద్ధిని తెచ్చెను. దానికి చెల్లింపబడిన వెలయు తక్కువది కాదు.

చాప్‌మన్ 1928వ సంవత్సరము మే 19వ తేదీన లండను చెంతనున్న రిచ్‌మండ్‌లో జన్మించెను. తండ్రి హార్న్సీ అను పేటలో రైల్వే హోటలు అను పానశాలను నడపుచుండెను. 1945లో చాప్‌మన్ లండను యూనివర్సిటీ కాలేజీలో చేరి, వంతెనలు, కట్టడములు మొదలగువానిని నిర్మించు ఇంజనీరింగు శాస్త్రమును అభ్యసించెను. ఏ దూలముపై ఎంత బరువు పడును, దానిని మోయుటకు ఎంత లోహము చాలును అను లెక్కయే ఆ శాస్త్రమునకు ప్రాణము. చదువుచుండగనే విమానము నడపుటయు నేర్చెను. విమాననిర్మాణములో అనవసరమైన ప్రతి తులమును శత్రువే. ఈ రెండు విద్యలును ఆయన జీవితమునకు పునాదిరాళ్లు.

విద్యార్థిదశలో ఆయన ఒక మిత్రునితో కలిసి పాత కార్ల వ్యాపారము చేయుచుండెను. 1947 చివర పెట్రోలు కేటాయింపు కఠినమగుటతో ఆ వ్యాపారము కుప్పకూలెను. కొనువారు లేక ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు మిగిలిపోయెను. దానిని విప్పి, ప్లైవుడ్డు, అల్యూమినియము రేకులతో కొత్త శరీరము నిర్మించి, 1948లో తన మొదటి కారును సిద్ధపరచెను. ఆ పని జరిగినది ఏ కర్మాగారములోనో కాదు. స్నేహితురాలు హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల ఇంటి వెనుకనున్న షెడ్డులో. పిదప కొంతకాలము బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగము చేయుచు, రాత్రులందు కార్లు నిర్మించెను. 1952 జనవరి 1వ తేదీన లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ ఆరంభమైనపుడు, హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌనులే మూలధనము. తండ్రి పానశాల వెనుకనున్న గుర్రపుశాలయే కర్మాగారము. 1954లో వారిరువురికి వివాహమయ్యెను.

చాప్‌మన్ సాధించిన దేమియో తెలిసికొనుటకు కారు నడకను గూర్చి కొంత తెలియవలెను. కొల్లేటిలో తాటిదోనె నెక్కినవారికి ఇది సులభముగా బోధపడును. దోనెలో ఒక్కడు ప్రక్కకు ఒరిగినచో బరువంతయు ఆ వైపునకు పోవును. రెండవ అంచు నీటినుండి లేచును. మలుపు తిరుగు కారునకును ఇదే గతి. వంపులో బరువు వెలుపలి చక్రములమీదికి పోవును. లోపలి చక్రములు తేలికయగును. కారునకును నేలకును నడుమ నున్న సంబంధమెల్ల నాలుగు టైర్ల క్రింద అరచేయంత మేర చొప్పున మాత్రమే. ఆ నాలుగు అరచేతులును నేలను సమముగా అదిమి పట్టియున్నంతవరకే చుక్కానికి విలువ. వానిలో ఒకటి లేచినను, పక్కకు వాలినను ఇంజనుబలము నిరర్థకము.

ఆ దినములలో చౌకరకపు కార్లకు ముందు చక్రములు రెండును ఒకే ఇరుసు చివరల బిగింపబడియుండెను. ఎడమచక్రము గతుకులో పడినచో కుడిచక్రమును వాలిపోవును. చాప్‌మన్ తన తొలికార్లలో ఫోర్డు ఇరుసును నడుమ ఖండించి, రెండు ముక్కలను కీలుమీద వ్రేలాడదీసెను. అప్పుడు ఒక చక్రము కష్టము రెండవదానికి అంటదు. ఖర్చు స్వల్పము, ఫలము ఘనము. అయినను అది పరిపూర్ణము కాదు. చక్రము పైకి లేచినను, క్రిందికి దిగినను దాని వాలు మారుచుండును. ఆయన ఈ లోపమును గుర్తించి, 1957 నాటికి తన పందెపు కార్లకు చక్రమొక్కింటికి రెండేసి చేతులుగల విష్‌బోన్ పద్ధతిని అమర్చెను. తాను చేసినదానినే తాను కాదనగలుగుట ఆయనలోని గొప్ప గుణములలో ఒకటి.

రెండవ విషయము స్ప్రింగుల కాఠిన్యము. కారు మలుపులో ఒరుగకుండుటకు గట్టి స్ప్రింగులు వేయుటయే మార్గమని ఆనాటి పందెగాండ్రు పెక్కురు భావించుచుండిరి. చాప్‌మన్ దీనికి విరుద్ధముగా యోచించెను. స్ప్రింగు మరీ గట్టిదైనచో గతుకు తగులగనే చక్రము నేలను విడిచి ఎగురును. ఎగిరిన చక్రమునకు పట్టు లేదు. కావున స్ప్రింగు మృదువుగా నుండవలెను. అది ఊగిసలాడకుండ అదుపులో నుంచు డ్యాంపరు, అనగా మెకానిక్కులు షాకబ్జార్బరు అనునది, దృఢముగా నుండవలెను. స్ప్రింగు చక్రమునకు స్వేచ్ఛనిచ్చును. డ్యాంపరు ఆ స్వేచ్ఛకు హద్దు పెట్టును. జట్కాబండి కమానులు ఒక గతుకునకే పదిమారులు ఊగుటకు కారణము ఈ హద్దు లేకపోవుటయే.

దీనికి మరియొక నియమము తోడుకావలెను. కారు చట్రము మెలితిరుగరాదు. చట్రమే మెలితిరిగినచో అదియు లెక్కకందని ఐదవ స్ప్రింగు వంటి దగును. తక్కిన నాలుగింటిని ఎంత సవరించినను ఫలముండదు. అందువలననే 1952 నాటి లోటస్ మార్క్ సిక్స్ కారును సన్నని ఉక్కుగొట్టములను త్రిభుజములుగా అతికి నిర్మించెను. కొనువారు దానిని విడిభాగములుగా కొని, ఇంటివద్ద తామే బిగించుకొనుచుండిరి. దాని తర్వాతిది 1957 నాటి లోటస్ సెవెన్.

ఆయన కీర్తి త్వరలోనే వ్యాపించెను. 1956లో టోనీ వాండర్‌వెల్ అను పారిశ్రామికుడు తన వాన్‌వాల్ పందెపు కారునకు చట్రమును, వెనుక సస్పెన్షనును రూపొందింపుమని ఆయనను కోరెను. 1958లో నిర్మాతలకు ప్రథమముగా నెలకొల్పిన ప్రపంచ బిరుదు ఆ వాన్‌వాల్‌కే దక్కెను. 1962లో వెలువడిన లోటస్ ఎలాన్ కారు మృదువైన స్ప్రింగులతోనే మలుపులందు అసమానమైన నడతను చూపెను. అదే సంవత్సరము లోటస్ 25 అను పందెపు కారులో గొట్టముల చట్రమునే తొలగించి, విమానశరీరమువలె రేకులతోనే తొట్టిని నిర్మించెను. అది మునుపటి చట్రముకంటె తేలిక, మిక్కిలి దృఢము. స్కాట్లండువాసి జిమ్ క్లార్క్ దానితో 1963లో పది పందెములలో ఏడింటిని గెలిచి ప్రపంచవిజేత యయ్యెను. 1965లో మరల విజేతయై, అదే యేట అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమును సైతము లోటస్ కారుతో గెలిచెను. 1966లో లోటస్ కర్మాగారము నార్ఫోక్ మండలమునందలి హెథెల్ అను చోటికి మారెను. అదియు యుద్ధకాలపు విమానక్షేత్రమే. పాత రన్‌వేయే కార్లకు పరీక్షాస్థలమయ్యెను.

ఈ వైభవమునకు వెనుక ఒక చీకటి కలదు. భాగము విరుగనంతవరకు అది అవసరమునకు మించిన బరువే యని తలచు స్వభావము చాప్‌మన్‌ది. ఆ లెక్క తప్పినపుడు విరుగునది లోహము మాత్రమే కాదు. 1960లో బెల్జియము పందెమునకు ముందు జరిగిన అభ్యాసములో స్టిర్లింగ్ మాస్ నడపుచున్న లోటస్ కారు చక్రము ఊడిపోయి, ఆయన కాళ్లు విరిగెను. అదే రోజున మరియొక లోటస్‌లో చుక్కాని కడ్డీ విరిగి మైక్ టేలర్ తీవ్రముగా గాయపడెను. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ మరణించెను. చాప్‌మన్‌కు ఆయన విజేతయే కాదు, ఆప్తమిత్రుడు.

ఆ యేడాదియే లోటస్ కార్లకు ఎత్తైన రెక్కలు వచ్చెను. గాలి ఆ రెక్కను నేలవైపు నొక్కును. ఆ ఒత్తిడి స్ప్రింగులను అణచకుండ నేరుగా చక్రములనే చేరునట్లు, రెక్క కాళ్లను సస్పెన్షనుపైననే నిలిపిరి. ఆలోచన అద్భుతము, కాళ్లు బలహీనములు. 1969 మే 4న బార్సిలోనాలో గ్రాహమ్ హిల్, జోహెన్ రిండ్ట్ అను ఇరువురి కార్ల రెక్కలును ఒకే పందెములో విరిగెను. ఇరువురును బ్రతికిరి. పిమ్మట రిండ్ట్ చాప్‌మన్‌కు ఒక లేఖ వ్రాసెను. బలహీన భాగములకు కొంచెము బరువు చేర్చి గట్టిపరచినను కారు వేగమునకు లోటు రాదనియు, అట్టి కారుమీదనే తనకు విశ్వాసము కుదురుననియు దాని సారాంశము.

1970లో వచ్చిన లోటస్ 72 చరిత్ర ఇందుకు తగిన పాఠము. బ్రేకు వేసినపుడు ముందుభాగము క్రుంగకుండను, వేగము పెంచినపుడు వెనుకభాగము క్రుంగకుండను దాని సస్పెన్షనును కూర్చిరి. కాగితముమీద అది నిర్దోషము. కాని కారు క్రుంగనందున టైరు పట్టు ఎప్పుడు సడలునో నడుపువానికి తెలియకుండెను. చాప్‌మన్ ఆ అమరికలను తొలగింపజేసెను. వెంటనే కారు వశమయ్యెను. రిండ్ట్ వరుసగా నాలుగు పందెములు గెలిచెను. అయితే సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో అభ్యాసము చేయుచుండగా ఆయన కారు బాట తప్పి ఉక్కుకంచెను కొట్టెను, ఆయన మరణించెను. ముందు బ్రేకునకు సంబంధించిన కడ్డీ విరిగినట్లు విచారణలో తేలెను. కంచెను సరిగా బిగింపకపోవుటయు మరణకారణమని తేల్చిరి. ఆ సంవత్సరపు బిరుదు మరణించిన రిండ్ట్‌కే దక్కెను. మరణానంతరము విజేతయైనవాడు ఆయన ఒక్కడే.

చాప్‌మన్ మేధ విశ్రమింపలేదు. కారు అడుగుభాగమునే తలక్రిందులైన విమానపు రెక్కవలె మలచి, గాలి దానిని నేలకు పీల్చునట్లు చేసెను. 1978లో లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ప్రపంచవిజేత యయ్యెను. లోటస్‌కు నిర్మాతల బిరుదు ఏడవమారు దక్కెను. కాని ఈ విజయము ఆయన తొలిసూత్రమునే ప్రశ్నించెను. గాలి పట్టు నిలువవలెనన్న అడుగునకును నేలకును ఎడము మారరాదు. అందుకై స్ప్రింగులు రాయివలె గట్టివి కావలెను. మృదుత్వమును బోధించిన ఆయన కార్లే నడుపువాని ఎముకలు కదిలింపసాగెను. 1981లో రెండు చట్రముల కారును నిర్మించెను: వెలుపలిది గాలి ఒత్తిడిని గట్టి స్ప్రింగులమీద మోయును, లోపలిది మనిషిని మృదువుగా మోయును. అధికారులు దానిని నిషేధించిరి. అంతట స్ప్రింగునకు బదులు కంప్యూటరు ఆజ్ఞతో నూనెపీడనము చక్రమును నడిపించు పద్ధతిమీద లోటస్ ఇంజనీర్లు పనిచేయసాగిరి. అది పందెమునకు వచ్చుట ఆయన చూడలేదు. 1982 డిసెంబరు 16న గుండెపోటుచే, 54 ఏండ్ల వయసున మరణించెను. డిలోరియన్ కారు కంపెనీ సొమ్ము దారిమళ్లిన వ్యవహారములో ఆయన పేరు వినబడెను. ఆ కేసు కోర్టుకు వచ్చునాటికి ఆయన లేడు. 1992లో లోటస్ ఆర్థికాధికారి యొకరు అందు శిక్ష పొందెను. ఆయన కలగన్న సస్పెన్షను మాత్రము 1987లో ఆయర్టన్ సెన్నా నడపిన లోటస్‌లో విజయము సాధించెను; 1994నుండి పందెములలో నిషిద్ధమయ్యెను.

పాత కారు విడిభాగములతో పందెపు కారు చేయవచ్చునన్న ఆయన మార్గము మన దక్షిణదేశమునకును వచ్చెను. కోయంబత్తూరునకు చెందిన కరివర్ధన్ 1988లో మారుతి 800 భాగములతో ఫార్ములా మారుతి కారును రూపొందించెను. ఆయన 1995లో విమానప్రమాదమున మరణించెను. ఆయన పేరనే అచట పందెపు బాట వెలసినది.

నేడు ఊరూర యువకులు బజారులో పొట్టి స్ప్రింగులు కొని కారును నేలకు దించుకొనుచున్నారు. డ్యాంపరు మార్చక స్ప్రింగు మాత్రమే మార్చినచో కారు అందముగా కనబడునేకాని మలుపులో మాట వినదు. స్ప్రింగు, డ్యాంపరు, టైరు, చట్రము ఒక కుటుంబము. ఒకరిని దిద్దినచో తక్కినవారిని సమాధానపరచవలెను. చాప్‌మన్ జీవితమునుండి విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠమిది. రెండవది మరింత విలువైనది. ఎంత తేలిక చేయవచ్చునో లెక్కించుట విద్య. ఎక్కడ ఆగవలెనో తెలియుట వివేకము. ఆ లెక్కలో లోపల కూర్చున్న మనిషి ప్రాణమును కూడ ఒక బరువుగా వేయవలెను. రిండ్ట్ కోరినది ఆ కొద్దిపాటి బరువునే.