ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

అబిడ్స్ అన్న పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ అబిడ్ వలన వచ్చినదని మన విద్యార్థులలో పలువురికి తెలుసు. అదే ప్రభువు కొలువులో ఉండి, ఆనాటి హైదరాబాదు రూపురేఖలను మనకు మిగిల్చిపోయిన మరొకరు రాజా దీన్ దయాళ్. ఆయన తీసిన ఛాయాచిత్రాలను చూడనివారు అరుదు. వాటి కింద ఆయన పేరు చదివేవారు అంతకంటె అరుదు.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపాన గల సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా చేపట్టినది 1874 ప్రాంతాన. సర్ హెన్రీ డేలీ వంటి అధికారుల ప్రోత్సాహం లభించింది. 1880వ దశకం నడుమ ఆయన దక్కనుకు వచ్చి, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అను బిరుదులను ప్రసాదించారు.

ఈ బిరుదు వద్ద మేము కొంచెం ఆగదలచినాము. ముసవ్విర్ అనగా చిత్రకారుడని ఉర్దూ చదివే మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. కుంచె పట్టినవానికి చెల్లే మాటను కెమెరా పట్టినవానికి ఇవ్వడం పొరపాటు కాదని మా అభిప్రాయం. ఆనాడు ఆ రెండు వృత్తులకు నడుమ గోడ లేదు. ఛాయాచిత్రాలపై చేతితో రంగులు వేయించి ఇచ్చే పద్ధతి పెద్ద స్టూడియోలలో ఉండేది. దీన్ దయాళ్ స్టూడియో ముద్రతో వెలువడిన వర్ణచిత్రాలు నేటికీ ఉన్నాయి.

ఈ పనిలో అతి కష్టమైనది పసిపిల్లల చిత్రం. కొలువులోని నవాబు కదలక కూర్చుంటాడు, పిల్లవాడు కూర్చోడు. పూర్వపు తడి ప్లేటుకు కొన్ని సెకన్ల నిశ్చలత కావలసివచ్చేది. 1880 తరువాత పొడి ప్లేట్లు విరివిగా దొరకడంతో ఆ వ్యవధి చాలవరకు తగ్గింది. అయినా తల కొంచెం తిరిగితే ముఖం అలుక్కుపోయేది. మంచి ప్లేటు ఒకటి దక్కిన తరువాత చిత్రకారుని వంతు వచ్చేది. పల్చగా అచ్చువేసిన కాగితంపై ఆయన రంగులు అద్దేవాడు. ముఖంపై పొర ఎంత పలుచనైతే అంత మంచిది. అడుగున ఉన్న ఫోటోయే పోలికను నిలుపుతుంది. దుస్తులపైన, నగలపైన, తివాచీపైన మాత్రం రంగు చిక్కగా పడేది.

అయితే ఆ రంగు ఏమిటో అతనికెలా తెలియాలి? ఆనాటి ప్లేట్లకు ఎరుపు కనబడదు, నీలం ఎక్కువగా కనబడుతుంది. బాలుని ఎర్ర మఖ్మల్ టోపీ ఫోటోలో నల్లగాను, నీలి అంగరఖా తెల్లగాను దిగేవి. పిల్లవానిని చూడని చిత్రకారుడు ఫోటోనే నమ్మితే టోపీ నల్లదే అవుతుంది. కనుక మేని ఛాయ, కండ్ల రంగు, బట్టల రంగు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో సామాన్యంగా తల్లి. ఆమె పరదాలో ఉన్నది.

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరవడంలోని విలువ ఇక్కడ తెలుస్తుంది. దాని నిర్వహణ కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదాకు భంగం కలుగకుండ స్త్రీ చేతనే స్త్రీల చిత్రాలు తీయించిన ఆ ఏర్పాటు వలన, తల్లి తన బిడ్డ పక్కన తానూ కెమెరా ఎదుట కూర్చోగలిగింది. మూడేండ్లు నిండకముందే 1869లో గద్దెనెక్కిన ప్రభువు ఏలుబడిలో ఇది జరగడం కూడ గమనింపదగినది. పసివాని ముఖానికి రాజ్యంలో ఎంత విలువ ఉండగలదో ఆ ఆస్థానం ఎరుగనిది కాదు.

దర్బారులు, వేట విడుదులు, సైనిక విన్యాసాలు ఆయన కీర్తికి కారణమని చెప్పడం పరిపాటి. వాటిని ఇక్కడ వివరించబోము. కాని నిజాము రాజ్యంలోని కరవు సహాయ కార్యక్రమాలను కూడ ఆయన స్టూడియో చిత్రించినదని మరువరాదు. అందులోని బక్కచిక్కిన మనుషుల చిత్రాలకు రంగు వేయించమని ఎవరు అడుగుతారు?

1896లో బొంబాయిలో మరొక స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఈ వృత్తిలోనే తోడుగా నిలిచారు. 1904లో ధరమ్‌చంద్ మరణించారు. ఎందరి బిడ్డల రూపాలనో నిలిపిన ఆ తండ్రి మరుసటి ఏడు, 1905 జులై 5న కన్నుమూశారు. నేడు మనం రాకపోకలు సాగించే నాంపల్లి స్టేషను 1907లో వెలిసింది. దానిని ఆయన చూడలేదు.

ఆయన స్టూడియో గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వెలువరించింది. గాజులో మాత్రం రంగు నిలువదు. ఆ నెగటివులలో ఎర్ర టోపీ ఇంకా నల్లగానే ఉంటుంది. తల్లి చెప్పగా, పేరు తెలియని చిత్రకారుడు అద్దిన ఎరుపు, ఏ పాత ఇంటి పెట్టెలోనైన కాగితం మిగిలి ఉంటే, దానిపై ఉంటుంది.