రైతుబిడ్డ పేరిట వేగపు కొలత

మన జుక్కల్ ప్రాంతం తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలు కలసి వినవచ్చే సరిహద్దు సీమ. ఒక మాటను ఏ భాషలో పలికినా పట్టే కాలం ఇంచుమించు సమానమే. కాని అదే మాట తీగపై పయనించవలసినప్పుడు ఎంత కాలం పడుతుంది? ఆ వేగాన్ని ఏ కొలతతో కొలవాలి? ఈ ప్రశ్నలు వేసుకున్నవారికి తప్పక ఎదురయ్యే పదం ‘బాడ్’. ఫ్రాన్స్ దేశీయుడైన ఎమిల్ బోదో పేరు నుండి పుట్టిన పదమది.

బోదో 1845 సెప్టెంబరు 11న మాన్యో గ్రామంలో ఒక రైతు ఇంట జన్మించారు. ఆయన బడిచదువు ప్రాథమిక పాఠశాలతోనే ముగిసింది. తండ్రికి సేద్యంలో తోడుగా ఉంటూ పెరిగి, 1869లో ఫ్రెంచి తంతి శాఖలో శిక్షణార్థిగా చేరారు.

ఆనాటి మోర్స్ పద్ధతిలో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క నిడివి. ఒకటి ఒకే చుక్కతో ముగిస్తే, మరొకటి చుక్కలూ గీతలూ కలసి దీర్ఘంగా సాగేది. బోదో తనకు పూర్వుల యంత్రాలను శ్రద్ధగా పరిశీలించి, ప్రతి అక్షరానికీ సమానమైన అయిదు అంశాలను కేటాయించే పద్ధతిని రూపొందించారు. ప్రతి అంశానికీ విద్యుత్తు స్థితులు రెండే. రెండును అయిదు మార్లు హెచ్చవేస్తే 32 సంకేతాలు లభిస్తాయి. అక్షరాల నుండి అంకెలకు మారే ఏర్పాటుతో అవే రెట్టింపు పని చేశాయి. అయిదు మీటలలో రెండు ఎడమచేతికి, మూడు కుడిచేతికి. పలువురు ఉద్యోగులు వంతులవారీగా ఒకే తీగను పంచుకునేవారు. యంత్రం లయ తప్పకుండా మీటలు నొక్కడమే వారి నైపుణ్యం.

ఈ పద్ధతికి 1874లో పేటెంటు లభించింది. 1877లో పారిస్, బోర్దో నగరాల మధ్య ఇది అమలులోకి వచ్చింది. 1878 పారిస్ ప్రదర్శనలో ఆయనకు స్వర్ణపతకం దక్కింది. కాని గృహజీవితం కలసిరాలేదు. 1890 జనవరిలో వివాహమాడిన భార్య ఆ ఏప్రిల్‌లోనే మరణించింది. ఆయన 1903 మార్చి 28న కన్నుమూశారు. 1920ల దశకంలో అంతర్జాతీయ నిపుణులు తంతి వేగపు కొలతకు ఆయన పేరు పెట్టారు.

సెకనుకు తీగపై ఎన్ని సంకేతాంశాలు మారగలవో తెలిపేది బాడ్. తరువాతి కాలపు టెలెక్స్ యంత్రాల వేగం సాధారణంగా 50 బాడ్. అక్షరానికి అయిదు అంశాలు, ఆరంభ సూచనకు ఒకటి, ముగింపుకు ఒకటిన్నర, వెరసి ఏడున్నర. 50ని దానితో భాగిస్తే సెకనుకు 6.67 అక్షరాలు, అనగా నిమిషానికి 400. ఖాళీతో కలిపి మాటకు ఆరు చొప్పున లెక్కిస్తే సుమారు 66 మాటలు.

బాడ్, బిట్ ఒకటేనని పలువురు భావిస్తారు. సంకేతానికి రెండే స్థితులున్నప్పుడు మాత్రమే అది నిజం. ఒక్కొక్క సంకేతం నాలుగు బిట్లను మోస్తే, 600 బాడ్ గల మోడెమ్ సెకనుకు 2400 బిట్లను పంపుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైట్. కనుక సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ అందించగలిగినది అత్యధికంగా 12.5 మెగాబైట్లే. ఈ భేదమెరుగని వినియోగదారుడు తాను మోసపోయానని తలపోస్తాడు. ఎరిగినవాడు ముందుగా భాగహారం చేస్తాడు.

ఇక మన భాషల మాట. నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు గుర్తుకు మూడు. ఉర్దూ ‘కితాబ్’ నాలుగక్షరాలు. 8 బైట్లు, 64 బిట్లు. ‘పుస్తకం’లో ఉకారం, పొల్లు, సున్న సహా ఏడు గుర్తులు, 21 బైట్లు, 168 బిట్లు. పై 2400 బిట్ల మార్గంలో ‘కితాబ్’కు సెకనులో సుమారు 0.027 వంతు, ‘పుస్తకం’కు 0.07 వంతు పడుతుంది. ఇది భాషల గొప్పతనానికి తూకం కాదు. సంకేత పట్టికలో ఏ లిపికి ఏ చోటు దక్కిందన్నదే ఇందులోని విషయం. బోదో 32 గడుల పట్టికలో మన రెండు లిపులకూ చోటే లేదు. నేడు రెండింటికీ ఉన్నది.

విద్యార్థిమిత్రులారా! వేగాన్ని తెలిపే ఏ అంకె ఎదురైనా, అది సంకేతాల లెక్కా, బిట్ల లెక్కా, బైట్ల లెక్కా అని ముందుగా విచారించండి. ప్రాథమిక విద్యతో పొలం నుండి వచ్చిన యువకుడు ఉద్యోగపు బల్ల వద్దనే నేర్చుకుని ప్రపంచానికొక కొలతగా నిలిచాడు. సేద్యపు కుటుంబాల నుండి వచ్చి ఈ కళాశాలలో చదువుకునే మన సోదరీసోదరులకు ఆ జీవితం పరాయిది కాదని మేము విశ్వసిస్తున్నాము.