లెక్క చూపించమన్న లీటా

గోదావరిఖని, రామగుండం కాలనీల్లో తెల్లవారకముందే వంటింటి లైట్లు వెలుగుతాయి. ఫస్ట్ షిఫ్టుకు బాయి మీదికి పోయే భర్తకు టిఫిన్ బాక్సు కట్టాలి. పిల్లల్ని బడికి తయారు చేయాలి. నెలలో ఆ నాలుగు రోజులూ కూడా ఈ పనులేవీ ఆగవు. దూరంగా కూర్చుందామన్నా రెండు గదుల క్వార్టర్లో చోటేదీ! అయినా సరే, ఆ రోజుల్లో ఆడదాని బుర్ర సరిగ్గా పనిచేయదని అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. పరీక్ష ఆ రోజుల్లో పడితే బాగా చదివే అమ్మాయి కూడా ముందే సగం ధైర్యం పోగొట్టుకుంటుంది.

ఇంతకీ అది నిజమేనా? ఎవరైనా పరీక్ష పెట్టి చూశారా? నూరేళ్ళకు ముందే ఈ ప్రశ్న వేసుకుని, జవాబు తనే వెతుక్కున్న సైకాలజీ విద్యార్థిని ఒకామె ఉంది. ఆమె పేరు లీటా హాలింగ్‌వర్త్.

తల్లి లేని పిల్ల

లీటా 1886 మే 25న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, చాడ్రన్ అనే ఊరి దగ్గర పుట్టింది. ముగ్గురు ఆడపిల్లల్లో పెద్దది. మూడో కాన్పులో తల్లి కన్నుమూసింది. కొన్నేళ్ళు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లల్ని తీసుకెళ్ళాక, సవతి తల్లి దగ్గర పడరాని పాట్లు పడింది. ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఆమెకు కనిపించిన దారి ఒక్కటే, చదువు. 1906లో నెబ్రాస్కా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేసి టీచరైంది.

1908 చివరి రోజున, కాలేజీలో తనతో చదివిన హ్యారీని న్యూయార్క్‌లో పెళ్ళి చేసుకుంది. ఆయన సైకాలజీలో పరిశోధన చేస్తున్నాడు. తానూ ఉద్యోగం చూసుకుంటే ఇల్లు గడుస్తుందనుకుంది. తీరా చూస్తే, ఆ ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళకు టీచరు ఉద్యోగం ఇవ్వరట! చేతిలో డిగ్రీ, అనుభవం ఉండి కూడా వంట చేస్తూ, బట్టలు కుట్టుకుంటూ కూర్చుంది. ఎందుకిలా అన్న ప్రశ్న అక్కడే మొలకెత్తింది.

మలుపు తిప్పిన కేసు

1911లో ఆమె దశ తిరిగింది. కోకకోలాలోని కెఫీన్ హానికరమంటూ అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. కెఫీన్ మనిషి బుర్ర మీద ఏం ప్రభావం చూపుతుందో తేల్చే పనిని ఆ కంపెనీ హ్యారీకి అప్పగించింది. ఆయన పరీక్షలు నడిపే బాధ్యత లీటాకు ఇచ్చాడు. ఏ రోజు ఇచ్చిన మాత్రలో కెఫీన్ ఉందో, ఏ రోజు లేదో మింగేవాళ్ళకూ తెలియదు, లెక్క రాసేవాళ్ళకూ తెలియదు. ముందే తెలిస్తే మనసు తనకు కావలసినదే చూస్తుంది కదా! ఆ పనితో వచ్చిన డబ్బుతోనే లీటా కొలంబియా యూనివర్సిటీలో పై చదువుకు వెళ్ళింది.

ఏ మెతుకు పట్టి చూశారు?

నెలసరి రోజుల్లో ఆడవాళ్ళ తెలివి, చేతి నేర్పు తగ్గుతాయని ఆనాటి పెద్ద పెద్ద వైద్యులే పుస్తకాల్లో రాసేవారు. లీటా కోప్పడలేదు, వాదించనూ లేదు. దానికి లెక్క ఏదని చూసింది. సరైన లెక్క కనిపించలేదు! అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కానీ అడుగంటిన చోట మెతుకు తీసి అన్నమంతా మాడిందంటే ఎలా? డాక్టరు దగ్గరికి వచ్చేది బాధ ఎక్కువున్న వాళ్ళేగా!

అందుకని 23 మంది ఆడవాళ్ళనూ, పోలిక కోసం ఇద్దరు మగవాళ్ళనూ తీసుకుంది. కొందరికి మూడు నెలలపాటు రోజూ, మిగిలినవాళ్ళకు నెలరోజులు మూడు రోజులకోసారి పరీక్షలు పెట్టింది. చెయ్యి వణక్కుండా పట్టుకోవడం, రంగుల పేర్లు త్వరగా చెప్పడం, మాటకు వ్యతిరేక పదం చెప్పడం, టైపు నేర్చుకోవడం వంటివి. నెలసరి రోజులకూ, మామూలు రోజులకూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. 1914లో ఈ పరిశోధన అచ్చయింది. ఒక్క విషయం. నొప్పి లేదని ఆమె అనలేదు. నొప్పి వేరు, తెలివి తగ్గడం వేరు అని తేల్చింది. 23 మంది తక్కువే కదా అని మీకు అనిపిస్తే, అదీ మంచి ప్రశ్నే! 2025లో నూరుకు పైగా పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష కూడా దాదాపు ఇదే మాట చెప్పింది.

గురువు మాటనూ వదల్లేదు

మహామేధావులూ, మందబుద్ధులూ మగవాళ్ళలోనే ఎక్కువ, ఆడవాళ్ళంతా మధ్యరకం అన్నది అప్పటి మరో నమ్మకం. ఆమె గురువు థార్న్‌డైక్ కూడా అదే నమ్మేవాడు. లీటా ఇంకొకామెతో కలిసి అప్పుడే పుట్టిన వెయ్యిమంది మగపిల్లల, వెయ్యిమంది ఆడపిల్లల కొలతలు చూసింది. మగపిల్లల్లోనే తేడాలు ఎక్కువన్న మాట నిలబడలేదు.

మరి మందబుద్ధుల కోసం నడిపే సంస్థల్లో మగపిల్లలే ఎక్కువున్నారే? లీటా అక్కడ వయసులు చూసింది. చిన్నవాళ్ళలో మగపిల్లలు ఎక్కువ, పెద్దవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. సంపాదించాల్సిన అబ్బాయి లోపం త్వరగా బయటపడుతుంది. అమ్మాయైతే ఇంట్లో గిన్నెలు తోముతూ ఉండిపోతుంది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చూసుకునే దిక్కు పోయాకే సంస్థకు చేరుతుంది. లెక్కలో ఎవరున్నారో కాదు, ఎవరు లేరో చూడటమే ఆమె గొప్పతనం. 1916లో ఆమెకు డాక్టరేట్ వచ్చింది. తన మాట కాదన్న శిష్యురాలికి థార్న్‌డైకే అక్కడ ఉద్యోగం ఇప్పించాడు!

ఆ తర్వాత తెలివైన పిల్లల చదువు మీద ఆమె ఎంతో పని చేసింది. అక్కడ మాత్రం తెలివి చాలావరకు వంశంతో వచ్చేదేనని గట్టిగా నమ్మింది. ఇల్లు, డబ్బు, బడి తెచ్చే తేడాను తక్కువ అంచనా వేసింది. ఎంత ప్రశ్నించే మనిషికైనా ప్రశ్నించని మూల ఒకటి ఉంటుంది మరి. క్యాన్సర్‌ను ఏళ్ళ తరబడి భర్తకు కూడా తెలియనివ్వకుండా పనిచేసి, 1939 నవంబరు 27న, 53వ ఏట కన్నుమూసింది.

1952 గనుల చట్టం మన దేశంలో ఆడవాళ్ళు భూగర్భ గనిలో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో కొన్ని సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు తలుపు తెరుచుకుంది. ఇక ఆ తలుపు దగ్గర నిలబడిన మన అమ్మాయితో, ఆడవాళ్ళకు ఇది చేతకాదని ఎవరైనా అంటే ఏం చేయాలి? ఏడవక్కర్లేదు, పోట్లాడక్కర్లేదు. ఎవరిని చూసి చెప్పారు, ఎంతమందిని చూశారు, ఎవరితో పోల్చారు, ఎవర్ని వదిలేశారు అని అడిగితే చాలు. ఈ నాలుగు ప్రశ్నలూ సైకాలజీ చదివే వాళ్ళకే కాదు, టిఫిన్ బాక్సు కట్టే వాళ్ళకూ పనికొస్తాయి.