కాసిం రజ్వీ: ఒక జీవితము, ఒక గుణపాఠము

బంగాళాఖాతపు అలలు నిజాము పాదములను కడుగు దినము వచ్చునని 1948లో సభలయందు గర్జించిన సయ్యద్ కాసిం రజ్వీ పేరు కృష్ణాతీర వాసులకు క్రొత్తది కాదు. ఉత్తర సర్కారులు 18వ శతాబ్దముననే ఆసఫ్‌జాహీల చేజారినవి. అట్టి తీరముపై ఆశలు గొల్పి జనులను రెచ్చగొట్టిన ఆ వ్యక్తి జీవితమును స్మరించుట నేటికిని అవసరమని మేము తలంచుచున్నాము.

1902లో జన్మించిన రజ్వీ అలీగఢమున న్యాయశాస్త్రము నభ్యసించి, లాతూరున వకీలుగా స్థిరపడెను. 1927లో వెలసిన మజ్లిస్ సంస్థకు బహదూర్ యార్ జంగ్ వాగ్ధాటిచేత బలము చేకూర్చెను. హైదరాబాదున ప్రతి ముసల్మానుడును సార్వభౌముడే యను సిద్ధాంతము ఆ సంస్థది. రజాకారులు దాని స్వచ్ఛందసేవకులు. 1944లో యార్ జంగ్ అకస్మాత్తుగా మరణించెను. 1946లో అధ్యక్షపదవి రజ్వీకి దక్కెను. సేవాదళము ఆతని చేతిలో సాయుధదళమయ్యెను.

1947 అక్టోబరున యథాతథపు ఒడంబడికకై ఢిల్లీకి బయలుదేరనున్న ప్రతినిధుల యిండ్లను రజాకారులు ముట్టడించిరి. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు రాజీనామా చేసెను. మీర్ లాయక్ అలీ ఆ స్థానమున వచ్చెను. నాటినుండి రాజ్యము ప్రభువు చేతిలో లేదు, మంత్రి చేతిలో లేదు. లాఠీ, బరిసె, తుపాకి పట్టినవాని చేతిలో నుండెను. నల్లగొండ, వరంగల్లు సీమలలో గ్రామములు తగులబడెను. తెలంగాణమునుండి వేలాది కుటుంబములు పొలిమేర దాటి విజయవాడకును, డెల్టా గ్రామములకును చేరెను. నిజాము రాజ్యము నడుమ కృష్ణా మండలపు ద్వీపమువలె నున్న మునగాల పరగణా ఆ కల్లోలమును కన్నులార చూచెను.

1948 ఆగస్టున రెండు ఘోరములు జరిగెను. భారతదేశముతో విలీనమును సమర్థించిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు వీధిలో దారుణముగా హత్య చేయబడెను. ఆయన ముసల్మానుడు. మతరక్షణమే పరమార్థమని చెప్పుకొనిన దళము కాలమున స్వమతస్థుని కలమునుగూడ సహింపజాలని వాతావరణ మేర్పడెను. అదే మాసము 27వ తేదీన బైరాన్‌పల్లిలో తొంబదిమందికి పైగా గ్రామస్థులు బలియైరి.

సెప్టెంబరు 13న భారతసేనలు కదలెను. ముఖ్యదళము షోలాపురమునుండి రాగా, విజయవాడనుండి వెడలిన దళము మునగాల, సూర్యాపేటల మార్గమున సాగెను. 17న నిజాము లొంగిపోయెను. ప్రాణములొడ్డి పోరాడుదుమన్న దళములు ఐదు దినములలో చెదరిపోయెను, నాయకుడు బందీయయ్యెను. బీబీనగరు దోపిడి కేసులో ఏడేండ్ల శిక్షపడెను. షోయబుల్లాఖాన్ హత్యకేసులో ఉన్నత న్యాయస్థానము ఆతనిని విడిచిపెట్టెను. 1957లో విడుదలయై ఆతడు పాకిస్థానమున కేగెను. ఇచట సంస్థను అబ్దుల్ వాహిద్ ఒవైసీ చేపట్టి రాజ్యాంగమార్గమునకు మరల్చెను. రజ్వీ 1970 జనవరి 15న కరాచీలో ఎవరును పట్టించుకొనని స్థితిలో కన్నుమూసెను.

అంతటితో కథ ముగిసినదనుట సత్యము కాదు. సైనికచర్య పిదప మరాఠ్వాడా, బీదరు ప్రాంతములలో, రజాకారులతో సంబంధములేని వేలాది ముసల్మానులు ప్రతీకారమునకు బలియైరి. ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉందురని అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములు మరుగున నుండెను. నాయకుడు ఏడేండ్ల శిక్షతో బయటపడెను. ఆతని మాటలకు మూల్యము చెల్లించినవారు ఉభయమతముల పేదలు.

ఒక దళము పుట్టుక వక్త నోటిలో గాక, దానిని ఉపేక్షించిన ప్రభుత్వములో నున్నదని మా అభిప్రాయము. నిజాము తొలినాడే ఆ దళమును రద్దుచేసియుండిన, విలీనము రక్తపాతములేక జరిగియుండెడిది. చట్టమునకు బయట ఆయుధము పట్టు సేన ఏ మతముపేర వెలసినను, ఏ పక్షమునకు మేలుచేయునట్లు తోచినను, దానికి తొలి అడుగున అడ్డుపడుట ప్రజల కర్తవ్యము. తరువాత అడ్డుపడుటకు సైన్యములు కావలెను. ఆ పిమ్మట కన్నీరు తుడుచుటకు తరములు చాలవు.