కత్తిపిడి బిళ్ళలో కళను చూపిన హయాషి తదమాసా

పొట్ట చేతబట్టుకొని పరదేశం చేరినవారు అక్కడి భాష నేర్చుకుంటారు, నాలుగు రాళ్ళు సంపాదించుకుంటారు. తాము పుట్టిన నేల గొప్పతనాన్ని ఆ దేశీయులకు వారి భాషలోనే విప్పి చెప్పగలిగేవారు మాత్రం ఏ జాతిలోనైనా కొద్దిమందే. జపాను జాతిలో అట్టివారిలో ముందుగా చెప్పుకోదగిన వ్యక్తి హయాషి తదమాసా.

ఆయన 1853లో తకావోకా పట్టణంలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. హయాషి అనే సమురాయి కుటుంబానికి దత్తు వెళ్ళారు. టోక్యోలో ఫ్రెంచి నేర్చుకొని, చదువు పూర్తికాక మునుపే 1878లో పారిస్ మహాప్రదర్శనకు ఒక జపాను కంపెనీ తరఫున దుబాసీగా వెళ్ళారు. ప్రదర్శన ముగిశాక అక్కడే ఉండిపోయి, కళావస్తువుల వర్తకంలో దిగారు.

అప్పటికి రెండేళ్ళ క్రితమే, అంటే 1876లో, జపాను ప్రభుత్వం సామాన్యంగా ఎవరూ కత్తి ధరించి తిరగరాదని శాసించింది. సమురాయిల భరణాలూ రద్దయ్యాయి. తాతముత్తాతల కత్తులు, వాటి సామగ్రి అంగళ్ళకు చేరాయి.

ఆ సామగ్రి సామాన్యమైనది కాదు. పిడికీ అలుగుకీ నడుమ చేతికి కాపుగా ఉండే బిళ్ళను త్సుబా అంటారు. అరచేతిలో ఇమిడే ఆ బిళ్ళ మీద కొంగలను, కెరటాలను, పురాణగాథలను చెక్కేవారు. రాగిలో కొద్దిపాళ్ళు బంగారం కలిపి, మందునీళ్ళలో ఉడికిస్తే నేరేడుపండు నలుపు వస్తుంది. అది షకుదో. సుమారు నాలుగో వంతు వెండి కలిపితే బూడిదవన్నె షిబుఇచి. పిడి అల్లిక కింద అమర్చే చిన్న బొమ్మలు మెనుకి. గోతో వంశంవారు 15వ శతాబ్ది నుండి తరతరాలుగా ఈ పనినే నమ్ముకొని జీవించారు.

పారిస్‌లో చాలామంది వీటిని వింతవస్తువులుగా కొనేవారు. పనివాని సంతకం చదివి, కాలం నిర్ణయించి, చెక్కిన కథను వివరించే మనిషిగా హయాషి వారికి దొరికారు. రచయిత ఎడ్మండ్ ద గోన్‌కూర్ చిత్రకారులు ఉతమారో, హోకుసాయ్‌ల గురించి 1891లో, 1896లో వెలువరించిన గ్రంథాలకు జపాను భాషలోని సమాచారాన్ని అందించినది కూడా ఆయనే. 1894లో తన త్సుబాల సేకరణను లూవ్ర్ మ్యూజియానికి ఉచితంగా సమర్పించారు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో జపాను విభాగానికి ప్రధాన కమిషనరుగా వ్యవహరించారు.

తరువాత దుకాణం కట్టిపెట్టదలచి, 1902, 1903 సంవత్సరాల్లో తన సేకరణను పారిస్‌లో వేలం వేయించారు. బొమ్మలతో, వివరాలతో అచ్చువేసిన ఆ జాబితాలను సేకరణదారులు నేటికీ వెతికి కొంటారు. ఆయన అమ్మిన చిత్రాల మీది చిన్న ఎర్ర ముద్ర నేడు నాణ్యతకు గుర్తు.

అయినా స్వదేశంలో ఆయనకు దక్కినది పొగడ్త ఒక్కటే కాదు. దేశసంపదను విదేశాలకు తరలించాడన్న నింద ఆయనను వెన్నాడింది. ఆ నిందలో కొంత నిజం లేకపోలేదు. వేల చిత్రాలు ఆయన చేతుల మీదుగానే సముద్రం దాటాయి. కాని ఆయన తెచ్చినదీ ఉంది. మోనే, దెగా వంటి ఫ్రెంచి చిత్రకారుల చిత్రాలు సేకరించి, జపానులో పాశ్చాత్య కళకు ఒక మ్యూజియం కట్టాలని తలపోశారు. 1905లో స్వదేశం చేరారు. ఆ కోరిక తీరకుండానే 1906లో కన్నుమూశారు. ఆ చిత్రాలు 1913లో న్యూయార్కు వేలంలో చెల్లాచెదురైపోయాయి. టోక్యోలో అటువంటి జాతీయ మ్యూజియం 1959లో, మరొకరి సేకరణ ఆధారంగా వెలసింది.

సముద్రాలు దాటి వచ్చిన మన కుటుంబాల్లోనూ ముత్తవ్వ తెచ్చిన ఇత్తడి చెంబో, కాసులపేరో ఉండకపోదు. అది ఎవరిది, ఏ ఊరిది, ఎందుకు వాడేవారు అన్నది పెద్దలుండగానే అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచుదాం. పేరు, ఊరు చెప్పేవారు లేని వస్తువును మన మనుమలు పాత సామానుగానే ఎంచుతారు. పనివాని పేరు చదివి చెప్పగలిగిన హయాషి వంటివారు ఉండబట్టే ఆ కత్తి బిళ్ళలు మ్యూజియం అద్దాల వెనుక స్థానం సంపాదించుకున్నాయి.