సిద్ధార్థుడు మళ్లీ ఎందుకు తిన్నాడు?



మీ ఇంట్లో ఎవరైనా వారానికి రెండు ఒక్కపొద్దులు ఉంటున్నారా? సన్నబడాలని మీ పాప పొద్దున ఉగ్గాని మానేసి, రాత్రి ఒక్క రొట్టెతో సరిపెట్టుకుంటోందా? అయితే గౌతముని జీవితంలో ఆ ఆరేళ్ల సంగతి మీరు తెలుసుకోవాల.

క్రీ.పూ. 563లో శుద్ధోదనుడు, మహామాయలకు సిద్ధార్థుడు పుట్టినాడు. రోహిణీ నది నీళ్ల కోసం కోలియులతో యుద్ధం వద్దని శాక్య సంఘంలో నిలబడి చెప్పి, 29 ఏళ్లకు ఇల్లు విడిచినాడని బాబాసాహెబ్ రాసినారు. గురువుల దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. ఒంటిని మాడిస్తే సత్యం తెలుస్తుందని ఆ కాలంలో చాలామంది నమ్మేవాళ్లు. ఆ దారి కూడా పరీక్షించి చూద్దామని ఉరువేలలో, నేరంజరా నది ఒడ్డున కూర్చున్నాడు.

తిండి తగ్గిస్తూ దోసెడు పప్పుకట్టు దాకా వచ్చినాడు. తర్వాత ఏమైందో పాలి సుత్తాలు దాచకుండా చెప్తాయి. పక్కటెముకలు తేలినాయి, కళ్లు గుంతలు పడినాయి. పొట్ట ముట్టుకుంటే వెన్నెముక తగిలేది. వెంట్రుకలు కుదుళ్లతో ఊడినాయి. లేవబోతే బోర్లా పడేవాడు.

ఇవి మహిమలు కావు, ఆకలి చేసే పనులు. తిండి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. గుండె కూడా కండే కదా! మాంసకృత్తులు, ఇనుము తగ్గితే జుట్టు రాలుతుంది, రక్తహీనత వస్తుంది. రక్తపోటు పడిపోయి, లేస్తే కళ్లు తిరుగుతాయి. ఆడవాళ్లకు ముట్టు ఆగిపోవచ్చు. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతారు.

మన నేల కూడా ఈ ఆకలి లెక్క చూసింది. 1876–78 ధాత కరువు నాటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజల ఖరీదు, పైన కొంచెం చిల్లర చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ దొర తీర్పు చెప్పినాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కష్టం చేసే ఒంటికి అది చాలదనీ, పప్పు, కూరగాయలు కూడా కావాలనీ వాదించినాడు. ఆ ఏడాదే కూలి పెంచాల్సి వచ్చింది.

కూలీల మీద ఆకలిని ఒక దొర రుద్దినాడు. గౌతముడు తనకు తానే విధించుకున్నాడు, పనికిరాదని తెలిసినాక వదిలేసినాడు. ఆకలితో సొమ్మసిల్లే మనసు నిలకడగా ఆలోచించలేదని తేల్చుకుని, సేనాని కూతురు సుజాత పెట్టిన పాయసం తిన్నాడు. చెడిపోయినాడని ఐదుగురు సహచరులు విడిచిపోయినారు. ఆయన చలించలేదు. ధ్యానానికి కూర్చునే ముందు 40 రోజులకు సరిపడా ఆహారం సమకూర్చుకున్నాడని బాబాసాహెబ్ రాసినారు. చూడండి, బోధి ఖాళీ కడుపుకు దొరకలేదు! 35 ఏళ్లకు బుద్ధుడై, సారనాథ్‌లో ఆ ఐదుగురికే మధ్యమ మార్గం చెప్పినాడు. 45 ఏళ్లు ఊరూరా నడిచి, 80 ఏళ్లకు కుశీనారలో పరినిర్వాణం పొందినాడు. భిక్కులను మధ్యాహ్నం లోపలే తినమన్నాడు గానీ, ఒంటిని మాడ్చుకోమనలేదు.

మధ్యమ మార్గమంటే అతిగా తినడమూ కాదు. బరువు తగ్గాల్సి ఉంటే డాక్టరును అడిగి మెల్లగా తగ్గండి. రోజుకు 800 కేలరీల లోపు తిండి డాక్టరు కనిపెట్టి ఉంటేనే. రోజుల తరబడి పస్తున్నవాళ్లకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు. కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, ఆస్పత్రిలో చూపించండి.

శ్రావణంలో ఉరుకుంద జాతర నాళ్లలో చుట్టుపక్కలవాళ్లు ఒక్కపొద్దులుంటే మన ఇంటి ఆడవాళ్లకూ ఉండాలనిపించవచ్చు. వాళ్లను కసరొద్దు. సుజాత సంగతి చెప్పండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, గుప్పెడు బుడ్డలు వాళ్లకు ముందు వడ్డించి, తర్వాత మీరు తినండి.

నమో బుద్ధాయ!